అసలు ఫారం కోసం వచ్చిన కాన్ తాయ్

మా క్వున్ తోంగ్ పేట మార్కెట్ వెనక సందులో ఒక జావ కొట్టుంది. అక్కడ ఆవిరి పొయ్యి ముందు నిలబడి, గుడ్డ మీద పల్చగా బియ్యప్పిండి పోసి, ఉడకగానే గీకి చుట్టి, కత్తెరతో ముక్కలు చేసి పళ్ళెంలో వేసే మనిషి కాన్ తాయ్. కాన్ అనేది మొగుడి ఇంటిపేరు, తాయ్ అంటే ఆయన గారి భార్య అని. ఆమె సొంత పేరు త్సే కామ్-లింగ్ అని నాకు తెలుసు, ఎందుకంటే ఆమె కూతురి కాగితాలన్నీ నా చేతుల మీదుగానే నడిచాయి. కొట్టుకొచ్చే వాళ్ళలో ఆ పేరు తెలిసినవాళ్ళు ఇద్దరో ముగ్గురో ఉంటారు. ఆమె గురించి చెప్పాలని నాకు చాలాకాలంగా ఉంది. చెప్పాలంటే ముందు నేను చేసిన పని చెప్పాలి, అందుకే ఇన్నేళ్ళూ నోరు పెగల్లేదు.

నేను అదే పేటలో ఒక హైస్కూల్లో ఆఫీసు గుమస్తాని. పిల్లలు పూన్ మిస్ అంటారు. పాఠం చెప్పేవాళ్ళకీ ఫీజు రసీదు రాసేవాళ్ళకీ ఇద్దరికీ అదే 'మిస్', అందులో మా ఊరి పిల్లలకి పక్షపాతం లేదు. మాది గొప్ప బడి కాదు. చెడ్డదీ కాదు. ప్రభుత్వం వాళ్ళ కంప్యూటరు హైస్కూలు సీట్లు పంచేటప్పుడు, అడిగినవి రాని పిల్లలకి వచ్చే బడి. జూలైలో ఫలితాల కాగితం మీద మా పేరు చూసుకుని నవ్వుతూ వచ్చిన తల్లిదండ్రుల్ని నేను వేళ్ళ మీద లెక్కపెట్టగలను.

ఫలితాలొచ్చిన రోజు నుంచి తలుపులు తట్టే పని మొదలవుతుంది. తల్లులు మంచి జాకెట్లు వేసుకుని, పిల్ల ఈత సర్టిఫికెట్లు, పియానో సర్టిఫికెట్లు, మూడో ఏట గీసిన ఏనుగు బొమ్మతో సహా అట్ట ఆల్బంలో పెట్టుకుని, పెద్ద బడుల మెట్లెక్కి దిగుతుంటారు. ఒక పక్క తలుపులు తడుతూనే, వచ్చిన సీటు పోకుండా రెండు రోజుల్లో మా దగ్గర పేరు రాయించుకోవాలి. రాయించుకోవడమంటే అసలు ఫారం మాకివ్వడం. ఆరో తరగతి దాటిన ప్రతి పిల్లకీ ఆ ఫారం ఒక్కటే ఉంటుంది. అది ఏ బడి దగ్గరుంటే పిల్ల ఆ బడిదన్నమాట. జిరాక్సు కాపీ పట్టుకెళితే ఎవరూ మొహం కూడా చూడరు. తర్వాత పెద్ద బడి పిలిస్తే, మా కిటికీ దగ్గరికొచ్చి ఫారం వెనక్కి అడగాలి.

అడగడానికొచ్చేవాళ్ళ అవస్థ చూడాలి. "మేం ఇంగ్లండు వెళ్ళిపోతున్నామండీ" అంటారు. "ముసలావిడకి బాగోలేదు, ఇల్లు మారుతున్నాం" అంటారు. మేమేదో ఏడ్చి అడ్డం పడతామన్నట్టు నేల చూపులు చూస్తూ చెబుతారు. అలా ఇంగ్లండు వెళ్ళిపోయిన పిల్లలు సెప్టెంబరులో పక్క వీధి బడి యూనిఫారంలో మినీబస్సు ఎక్కుతుంటే నేను చాలాసార్లు చూశాను. చెయ్యి కూడా ఊపాను.

కాన్ తాయ్ కూతురు హే-తుంగ్‌కి మా బడి వచ్చింది. రెండు వేల పన్నెండో సంవత్సరం సంగతి. పిల్ల రెండు రోజులు అన్నం ముట్టలేదని తర్వాతెప్పుడో విన్నాను. తండ్రి కాన్ లిఫ్టులు బాగుచేస్తాడు, ఎప్పుడూ ఏదో ఒక మేడలో చీకటి గొట్టంలో వేలాడుతుంటాడు. "ఎక్కడ చదివితేనేం, చదివేది అదే కదా" అన్నాడట. కాన్ తాయ్ మాత్రం జావ కొట్టు యజమాని కాళ్ళా వేళ్ళా పడి సెలవు పెట్టి అయిదు బడుల తలుపులు తట్టింది. జావ తాగడానికొచ్చే ప్రతి మనిషీ ఆవిడకి సలహా చెప్పినవాళ్ళే. జుట్టు వెనక్కి కట్టమని ఒకరు, కొండ మీది ఆడపిల్లల బడికి తప్ప ఇంకెక్కడికీ వెళ్ళొద్దని ఇంకొకరు. ఆ కొండ మీది బడి మా ఊళ్ళో ఆడపిల్లల్ని కన్నవాళ్ళందరికీ కల. అక్కడ చేరితే పిల్ల యూనివర్సిటీకి సగం దూరం వెళ్ళిపోయినట్టే అంటారు.

గురువారం ఆమె హే-తుంగ్‌ని తీసుకుని మా దగ్గరికొచ్చి ఫారం ఇచ్చింది. యూనిఫారం కొలతలు కూడా ఇచ్చారు. పిల్ల చేతులు చాచి నిలబడింది కానీ ఏ ప్రశ్నకీ జవాబు చెప్పలేదు. తల్లే అన్నీ చెప్పింది, తోయ్‌సాన్ పల్లెటూరి యాసలో. కొలతలు తీసే కుర్రది ఆ యాసకి నవ్వు ఆపుకోలేకపోయింది. పిల్ల చెవులు ఎర్రబడ్డాయి.

సోమవారం పదకొండూ ఇరవైకి కాన్ తాయ్ ఒక్కతే వచ్చింది. మెట్లు పరిగెత్తుకొచ్చినట్టుంది, కిటికీ చెక్కకి రెండు చేతులూ ఆనించి ఊపిరి పీల్చుకుంది. చేతులకి పిండి ఇంకా ఆరలేదు.

"మిస్, మా అమ్మాయి ఫారం ఇచ్చెయ్యండి. కొండ మీది బడి వాళ్ళు ఫోను చేశారు. సీటు ఒకటి ఖాళీ అయిందట. పన్నెండున్నరలోపు అసలు ఫారం తీసుకెళ్ళాలి. లేకపోతే వెయిటింగ్ లిస్టులో తర్వాతి పిల్లని పిలుస్తామన్నారు."

ఇంగ్లండు లేదు. ముసలావిడ జబ్బు లేదు. ఉన్నమాట చెప్పింది. అంత నిజం చెప్పిన మనిషికి నేను చెప్పిన జవాబు వినండి.

"అయ్యో, హెడ్మాస్టరు గారు బయటికెళ్ళారే కాన్ తాయ్. బీరువా తాళం ఆయన దగ్గరుంది. కూర్చోండి, వచ్చేస్తారు."

ఫారం బీరువాలో లేదు. నా బల్ల సొరుగులో, నా మోచేతి కింద ఉంది.

ఎందుకలా చేశానో చెబుతాను, చెప్పినంత మాత్రాన తగ్గేది కాదని తెలిసే చెబుతున్నాను. ఆ ఏడు పిల్లలు తగ్గారు. కనీసం ఇంతమంది లేకపోతే ఒక క్లాసు ఎత్తేస్తారు. క్లాసు పోతే ఇద్దరు టీచర్లు, ఆఫీసులో ఒకరు పోతారు. ఆ ఒకరూ నేనే, ఎందుకంటే చివర చేరింది నేను, నాది ఏడాది కాంట్రాక్టు. ఆ పొద్దున్నే రెండు ఫారాలు ఇంగ్లండు వెళ్ళిపోయాయి. లుక్ హెడ్మాస్టరు గారు నా బల్ల దగ్గరకొచ్చి, "పూన్, ఇంకొక్కటి పోతే గీత కిందకి వెళతాం" అన్నారు. దాచమని ఆయన అనలేదు. ఆయన అలాంటి మనిషి కాదు. అది పూర్తిగా నా బుర్రలో పుట్టిన బుద్ధి.

ఒక గంట గడిపితే చాలు, ఆ సీటు ఇంకొకరికి వెళ్ళిపోతుంది, పిల్ల మాకే ఉంటుంది అనుకున్నాను. ఆ 'చాలు' అన్న లెక్కలో హే-తుంగ్ అనే పిల్ల ఒకతి ఉందని నాకు గుర్తులేదు. అబద్ధం ఎందుకు, గుర్తుంది. పక్కకి నెట్టేశాను.

కాన్ తాయ్ గోడ పక్క కుర్చీలో కూర్చుంది. నేను గోరువెచ్చని నీళ్ళిచ్చాను. ఆమె లేచి రెండు చేతులా అందుకుంది. పదకొండూ ముప్పావుకి గడియారం చూసింది. పన్నెండుకి మళ్ళీ చూసింది. "ఎంతసేపు పట్టొచ్చు మిస్?" అని అడిగింది.

"దగ్గరలోనే. విద్యాశాఖ ఆఫీసుకి. వచ్చేస్తారు."

"ఫోను చేస్తే?"

"మీటింగులో ఉంటే ఎత్తరండీ."

ఆమె ఊ కొట్టింది. ఇంకో మాట అడగలేదు. గొంతు పెంచలేదు. వేరే తల్లయితే నా కిటికీ అద్దం పగలగొట్టేది, నాకూ సిగ్గో భయమో పుట్టి సొరుగు తీసేదాన్ని. అణిగిమణిగి ఉండేవాళ్ళ మీద మనకి చేతనయ్యే దౌర్జన్యం ఇంకెవరి మీదా చేతకాదు.

పన్నెండున్నర దాటిన పది నిమిషాలకి ఆమె ఫోను మోగింది. నిలబడి మాట్లాడింది. "ఊ... ఊ... అర్థమైందండీ... థాంక్యూ, థాంక్యూ" అంటూ ఫోనుకి వంగి వంగి దండం పెట్టింది. ఫోను సంచిలో పెట్టుకుని నా వైపు తిరిగింది.

"పర్లేదు మిస్. మీరేం చేస్తారు."

నేను "అయ్యో" అన్నాను. ఆ 'అయ్యో' అన్నందుకు నన్ను చెప్పుతో కొట్టాలి.

క్లాసు నిలిచింది. నా కాంట్రాక్టు నిలిచింది, మూడో ఏట పర్మనెంటు కూడా అయింది. హే-తుంగ్ మా బడిలో చేరింది, ఆరేళ్ళూ నా కిటికీ ముందు నుంచే నడిచింది. ఆలస్యం చీటీ కావాలన్నా, సెలవు చీటీ ఇవ్వాలన్నా నా దగ్గరకే రావాలి కదా. కాగితం చెక్క మీద పెట్టేది, కళ్ళు నేలకేసి ఉండేవి, సంతకం కాగానే తీసుకుని వెళ్ళిపోయేది. మిగతా పిల్లలు "జో సాన్, పూన్ మిస్" అని పొద్దున్నే పలకరింపు కేకలు పెడుతూ పోయేవాళ్ళు. ఈ పిల్ల నోట ఆరేళ్ళలో నా పేరు రాలేదు. ఏదో తెలుసనే అనుకున్నాను. తెలిస్తే బాగుండునని కూడా అనుకున్నాను.

తల్లి తీరు దీనికి పూర్తిగా ఎదురు. కొత్త సంవత్సరం ముందు ప్రతి ఏడూ ముల్లంగి కేకు చేసి, ఎర్ర కాగితం చుట్టి, నా బల్ల మీద పెట్టి వెళ్ళేది. ఎండు రొయ్యలు, లాప్ చ్యోంగ్ సాసేజీ ముక్కలు ధారాళంగా వేసేది. మా అమ్మ ఆవురావురుమని తినేది. "ఎవరే ఈ కాన్ తాయ్? ఇంత మంచి మనిషి! నువ్వేం చేసిపెట్టావేమిటి ఆవిడకి?" అని అడిగేది. ఏం చెప్పను? పళ్ళెం అమ్మ వైపు జరిపేదాన్ని. రెండో ఏడు వద్దన్నాను. "ఆ రోజు మీరు ఎంత ఆదరంగా కూర్చోబెట్టారు మిస్" అంది. కేకు సంచిలో పెట్టుకున్నాను.

నేను పని చేసే చోట ఆమె గురించి ఎప్పుడూ మంచిమాటలే. పేరెంట్స్ డేకి అందరికన్నా ముందొచ్చి వెనక కుర్చీలో కూర్చునేది. లాటరీ టికెట్లు అమ్మిపెట్టేది. పిల్ల పదో తరగతిలో ఉండగా మొగుడు లిఫ్టు గొట్టంలో జారి నడుము విరగ్గొట్టుకుంటే, పొద్దున జావ కొట్టూ సాయంత్రం ఆసుపత్రి వంటశాలా రెండూ చేసింది. ఆ సంవత్సరం కూడా ముల్లంగి కేకు వచ్చింది. దానిలో రొయ్యలు తగ్గాయి, అంతే.

రెండు వేల పద్దెనిమిది జూలైలో పెద్ద పరీక్షల ఫలితాలొచ్చాయి. హే-తుంగ్‌కి ఒక్క సబ్జెక్టులో ఒక్క మెట్టు తగ్గింది, ఇంగ్లీషులో. డిగ్రీ సీటు అందలేదు. రెండేళ్ళ డిప్లొమా వచ్చింది. కొండ మీది బడిలో ఇంగ్లీషు తప్ప ఇంకోటి వినపడదు, అక్కడ చదివుంటే ఆ మెట్టు ఎక్కేదేమో. ఎక్కేది కాదేమో కూడా. ఆ 'ఏమో'తో నాకు రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు మధ్యాహ్నం మూడింటికి, జావ కొట్టు ఖాళీగా ఉండే వేళ చూసుకుని, వెళ్ళాను.

కాన్ తాయ్ గుడ్డలు ఉతికి ఆరేస్తోంది. నన్ను చూసి గబగబా ఒక స్టూలు తుడిచింది.

"రండి మిస్, రండి! తిన్నారా? ఒక్క పళ్ళెం వేసిస్తా, పిండి ఉంది."

"ఏమీ వద్దు. కూర్చోండి కాన్ తాయ్. ఒక మాట చెప్పిపోదామని వచ్చాను." నిలబడే చెప్పాను, ఎక్కడ ఆగిపోతానో అని ఒక్క గుక్కలో. "ఆరేళ్ళ కిందట మీరు ఫారం కోసం వచ్చిన రోజు, హెడ్మాస్టరు గారు బయటికెళ్ళారని చెప్పాను. అది అబద్ధం. ఫారం నా సొరుగులోనే ఉంది. నా ఉద్యోగం పోతుందని దాచాను. మీ అమ్మాయి సీటు నేనే పోగొట్టాను."

ఆమె చేతిలో తడిగుడ్డ పిండుతూనే ఉంది. నీళ్ళు కాలువలోకి కారాయి.

"తెలుసు మిస్" అంది.

నేను స్టూలు మీద కూలబడ్డాను.

"ఆ రోజు మెట్లెక్కుతుంటే హెడ్మాస్టరు గారు కనిపించారు. 'కాన్ తాయ్, యూనిఫారం కుదిరిందా?' అని నవ్వుతూ అడిగి పైకెళ్ళిపోయారు. నేను మీ దగ్గరికొచ్చేసరికి ఆయన పై అంతస్తులో ఉన్నారు. మీరు బయటికెళ్ళారన్నప్పుడే తెలిసింది."

"తెలిసి ఎందుకు ఊరుకున్నారు? ఒక్క కేక వేస్తే ఇచ్చేసేదాన్ని కదండీ!" నాకు ఆమె మీద కోపమొచ్చింది. తప్పు చేసింది నేను, కోపమూ నాకే, చూశారా.

ఆమె గుడ్డని తీగ మీద పరిచి, ముడతలు సాపు చేసింది. నా వైపు చూడకుండానే చెప్పింది.

"కొండ మీది బడిలో ఇంటర్వ్యూకి తల్లిని కూడా కూర్చోమన్నారు. ఇంగ్లీషులో అడిగారు. నాకు యెస్ ఒక్కటే వచ్చు, అన్నిటికీ యెస్ యెస్ అన్నాను. మీరేం పని చేస్తారంటే కూడా యెస్ అన్నాను. వరండాలో మిగతా తల్లులు నవ్వారు. పిల్లే అందుకుని జవాబు చెప్పింది, అమ్మ హోటల్లో మేనేజరని. బయటికొచ్చాక అంది కదా, 'అమ్మా, మళ్ళీ పిలిస్తే నువ్వు రాకు, నాన్నని పంపు' అని."

కొట్టు యజమాని లోపలి నుంచి ఏదో అరిచాడు. "వస్తున్నా" అని కేకేసి మళ్ళీ చెప్పింది.

"ఫోనొచ్చాక పరిగెత్తే వచ్చాను మిస్, దాన్ని అక్కడ చేర్చాలనే వచ్చాను. మీరు కూర్చోమన్నారు. కూర్చున్నాక అనిపించింది, ఇంకో ఆరేళ్ళు నా పిల్ల నన్ను చూసి సిగ్గుపడుతుంది కదా అని. గేటు దగ్గర నిలబడొద్దంటుంది, స్నేహితుల్ని ఇంటికి తీసుకురాదు. మీ బడిలో అయితే అందరి తల్లులూ నాలాంటివాళ్ళే. ఆయన పై అంతస్తులో ఉన్నారు, పిలవండి అంటే చాలు. రెండు ముక్కలు. గంటసేపూ నోట్లోనే పెట్టుకుని మీరిచ్చిన నీళ్ళు తాగాను. కన్నతల్లి చేసే పనేనా ఇది?"

తీగ మీద ఇంకో గుడ్డ వేసింది.

"ఇంటికెళ్ళి, ఆ ఆఫీసావిడ ఫారం ఇవ్వలేదే, ఎంత బతిమాలినా ఇవ్వలేదే అని ఏడ్చాను. అది నమ్మింది. నమ్మే ఆరేళ్ళు మీ మొహం చూడలేదు. నేను చూస్తూనే ఉన్నాను మిస్. అందుకే ఆ ముల్లంగి కేకులు. ఏం మొహం పెట్టుకుని ఇచ్చానో నాకే తెలుసు." అప్పుడు తిరిగి నా చెయ్యి పట్టుకుంది. ఆవిరికి వేళ్ళ తోలు ఊడిన చెయ్యి. "దానికి మాత్రం చెప్పకండి. మీకు దండం పెడతాను. ఇప్పుడు ఇంగ్లీషు తగ్గి సీటు పోయింది. అమ్మ నోరు విప్పుంటే వచ్చేదని తెలిస్తే నన్ను ఇంక అమ్మా అని పిలవదు."

చెప్పనన్నాను. బరువు దించుకుందామని వెళ్ళిన దాన్ని ఆమె బరువు కూడా నెత్తికెత్తుకుని ఇంటికొచ్చాను. ఆమెని తప్పుపట్టే యోగ్యత నాకు లేదు. ఉన్నా పట్టేదాన్ని కాదు.

తర్వాతి వారం హే-తుంగ్ కాండక్ట్ సర్టిఫికెట్టు కోసం వచ్చింది. డిప్లొమాలో చేరాలంటే అది కావాలి. ముద్ర వేసి, రిజిస్టరు ముందుకు జరిపి, సంతకం చెయ్యమన్నాను. ఆమె పెన్ను తీసుకుంది కానీ రాయలేదు. మొదటిసారి నా కళ్ళలోకి చూసింది. తల్లి కళ్ళే.

"పూన్ మిస్, ఒకటి అడగొచ్చా?"

"అడుగమ్మా."

"నేను ఇక్కడ చేరక ముందు మా అమ్మ ఫారం కోసం వచ్చింది కదా. ఆ రోజు నిజంగా అడిగిందా? గట్టిగా అడిగిందా?"

"ఎందుకలా అడుగుతున్నావు?"

"దానికి ముందు నేను అమ్మని ఒక మాట అన్నాను. చాలా చెడ్డమాట. ఆ మాటకి మనసు విరిగి, అడక్కుండానే వచ్చేసిందేమో అని..." పెన్ను మూత తీసి పెడుతోంది, తీసి పెడుతోంది. "ఆరేళ్ళ నుంచీ అదే అనుకుంటున్నాను. ఇక్కడికొచ్చినప్పుడల్లా మీరు ఆ సంగతి ఎక్కడ చెప్పేస్తారో అని భయం. మీ మొహం చూడలేకపోయేదాన్ని."

ఇన్నేళ్ళూ నేను కోపమనుకున్నది కోపం కాదు.

"గట్టిగానే అడిగింది" అన్నాను. "ఏడ్చింది, బతిమాలింది, నా కాళ్ళు పట్టుకున్నంత పని చేసింది. ఫారం నా సొరుగులోనే ఉంది. నా ఉద్యోగం కోసం నేనే ఇవ్వలేదు. మీ అమ్మ చెయ్యగలిగిందంతా చేసింది."

పిల్ల ఊపిరి వదిలింది. భుజాలు దిగాయి. కాసేపు కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి ఆ కళ్ళలో నీళ్ళతోపాటు, ఆరేళ్ళు నేను ఎదురుచూసిన కోపం కూడా వచ్చేసింది.

"అంత ఏడిస్తే కూడా ఇవ్వలేదా? మీకు సిగ్గు లేదా మిస్?"

"ఉందమ్మా" అన్నాను.

ఆమె సంతకం చేసి, సర్టిఫికెట్టు తీసుకుని, వాళ్ళమ్మకి ఫోను చేస్తూ మెట్లు దిగి వెళ్ళిపోయింది.